ఊఁ అనిపించని మనిషి

మా ఇంటి వెనక మేడలో, మూడో అంతస్తులో ఒకావిడ ఉంటుంది. మా వీధి పిల్లలు ఆమెను తెలీదమ్మ అంటారు. ఆమెకు మంచి పేరే ఉంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. పిల్లలు ఏదైనా అడిగితే, తనకు తెలియనిదైతే, మనలాగా ఏదో ఒకటి అల్లి చెప్పదు. ఎంతో హాయిగా "నాకు తెలీదమ్మా" అంటుంది. చందమామ మన వెంటే ఎందుకొస్తాడంటే తెలీదమ్మా. పిల్లి ఎందుకేడుస్తోందంటే తెలీదమ్మా. పెద్దవాళ్ళ నోట ఆ మాట వినడం పిల్లలకు కొత్త. అదే పేరై కూర్చుంది.

నా సంగతి వేరు. నేను చదివింది అయిదో తరగతే అయినా, ఈ వీధిలో ఎవరింట్లో ఏ గిన్నె కిందపడ్డా ముందు నాకు తెలియాలి. లేకపోతే ఆ పూట అన్నం సయించదు. అందుకే వాళ్ళు ఆ మేడలోకి వచ్చి సామాను దింపుతుండగానే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

"ఉద్యోగం ఎక్కడమ్మా?"

"పోలీసువాళ్ళ దగ్గరండీ, కోర్టు దగ్గర. పిల్లలతో మాట్లాడతాను."

"పంతులమ్మవా?"

"కాదండీ."

"డాక్టరువా?"

"కాదండీ. చిన్నపిల్లలు ఏదైనా నేరమో ప్రమాదమో చూసి ఉంటే, వాళ్ళు చూసింది వాళ్ళనే చెప్పనిస్తాను."

"చెప్పనివ్వడం కూడా ఒక ఉద్యోగమేనా తల్లీ!"

ఆమె నవ్వి, చేతిలో ఉన్న పెట్టె దించి, నా పక్కనే మెట్టు మీద కూర్చుంది. "మీరు ఈ వీధికి వచ్చిన రోజు గురించి చెప్పండి పెద్దమ్మా" అంది. అంతే. నా పెళ్ళి, మా అత్తగారి సాధింపులు, దర్జీతో తగాదా, మోకాళ్ళ ఆపరేషన్, అన్నీ అయ్యాయి. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. తల ఊపుతూ, నేను ఆగినచోటల్లా తొందరపడకుండా ఆగుతూ విన్నది. ఇంటికొచ్చాక మా అమ్మాయి అడిగింది, "ఏమ్మా, ఏం తెలుసుకొచ్చావు?"

"నేనేం తెలుసుకున్నానే! ఆవిడకి నా మోకాళ్ళ సంగతి తెలిసిపోయింది" అన్నాను. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది.

ఆమె భర్త కరెంటు పని చేస్తాడు. మనిషి నిండా నవ్వే. మా ఇంట్లో ఫ్యాను బాగుచేస్తూ నిచ్చెన మీది నుంచే కబుర్లు చెప్పేవాడు.

"పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మురిపెంగా, నేనంటే నీకిష్టం కదూ అని అడిగానండీ పెద్దమ్మా. ఏమందో తెలుసా? అలా అడిగితే ఎవరైనా అవుననే అంటారు, నా గురించి నీకేమనిపిస్తోందో చెప్పమని అడుగు, అంది."

"మరి అలా అడిగావా?"

"అడిగాను. గురక పెడతావు, అంది."

ఆమె అంతకుముందు కోర్టులో టైపు చేసేదన్న సంగతీ ఆయనే చెప్పాడు. ఒకరోజు సాక్ష్యానికి చిన్నపిల్లాణ్ణి తీసుకొచ్చారట. బోను కర్ర వాడి తలకన్నా ఎత్తుగా ఉందని కుర్చీ వేసి దాని మీద నిలబెట్టారు. ఒక లాయరు లేచి "అవును కదూ?" అంటే వాడు అవునన్నాడు. రెండో లాయరు లేచి "కాదు కదూ?" అంటే కాదన్నాడు. ఇద్దరి దగ్గరా మంచి పిల్లాడనిపించుకోవాలని చూశాడు పాపం. చివరికి అందరూ గొంతులు పెంచేసరికి ఆ కుర్చీ మీదే నిక్కరు తడుపుకున్నాడు. అవును, కాదు, రెండూ ఈమె టైపు చేసింది. అన్నీ లాయర్ల మాటలే. వాడు కళ్ళారా చూసింది ఒక్క ముక్క కూడా అందులోకి రాలేదు. ఆ కాగితం అక్కడ ఇచ్చేసి ఇంటికొచ్చి రెండు రోజులు ముద్ద మింగలేదట. ఆ తర్వాతే, తన చంటిబిడ్డను తల్లి దగ్గర ఉంచి, మళ్ళీ చదువుకుని ఈ పనిలోకి వచ్చింది.

ఇదంతా నేను అప్పట్లో ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను. మాకు అవసరం పడుతుందని ఎవరనుకున్నారు!

మా వీధి మలుపులో ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు పిల్లల్ని దింపిపోయే చోటు ఒకటుంది. మేం దాన్ని చిన్నబడి అంటాం. నడిపేది ఒక మేడమ్. పిల్లలకు తినిపించేది, కడిగేది, నిద్రపుచ్చేది ఆయమ్మ. మా మనవరాలికి నాలుగేళ్ళు. ఇంట్లో దాని పేరు పిడుగు. ఆపరేషన్ అయ్యాక నేను దాని వెంట పరుగెత్తలేకపోవడంతో మధ్యాహ్నాలు చిన్నబడిలో ఉంచేవాళ్ళం.

ఆయమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మనసు వెన్న, గొంతు మాత్రం లారీ హారను. "ఇటు రావే!" అని పిల్లనెవరినైనా పిలిస్తే వీధి చివరి కుక్క కూడా లేచి వచ్చేది. ఎన్నో ఏళ్ళుగా ఎంతమంది పిల్లల్ని ఎత్తిందో లెక్కలేదు. వాళ్ళలో కొందరికి ఇప్పుడు మీసాలొచ్చాయి. పిల్లల్ని ఎత్తుకోవడం తప్ప ఆమెకు ఇంకో పని రాదు.

ఒకరోజు మధ్యాహ్నం చిన్నబడిలో, అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్న ఒక పాపాయి చెయ్యి ఇస్త్రీపెట్టె తగిలి కాలింది. ఆసుపత్రికి పరుగులు తీశారు. మణికట్టు పైన ఇస్త్రీపెట్టె ముక్కు అచ్చు దిగినట్టు గాయం. పాపాయి తల్లి ఏడుపు వీధి వీధంతా విన్నది. తగిలిందా, ఎవరైనా తగిలించారా అన్నది చూసి చెప్పలేమని డాక్టర్లు అన్నారు. "నేను పైన ఫోన్లో ఉన్నాను, కింద ఆయమ్మే ఉంది" అన్నది మేడమ్. "నేను గేటు దగ్గరున్నానమ్మా, ఇంకో పిల్లాడికి చెప్పులు తొడుగుతున్నా" అన్నది ఆయమ్మ. పాపాయి పక్క తడిపిందని కోపంతో వాత పెట్టి ఉంటుందని ఎవరో అన్నారు. ఆ గొంతు విని ఉన్నవాళ్ళు ఇట్టే నమ్మారు.

ఆ సమయానికి గదిలో మిగతా పిల్లలంతా నిద్రలో ఉన్నారు. మెలకువగా ఉన్నది ఒక్కతే. అది మా పిడుగు.

మా అల్లుడికి ఫోన్లు బాగుచేసే కొట్టుంది. మంచివాడు, కానీ ఫోను అతని చేతికి ఆరో వేలు. సంగతి తెలియగానే కొట్టు మూసి వచ్చాడు. తన కూతురు అలాంటి చోట ఉందని తలచుకుంటే ఏ తండ్రి ఊరుకుంటాడు? నేను వంటింట్లో పాలు కాస్తున్నాను. హాల్లోంచి అతని మాటలు అక్కడక్కడ వినిపిస్తున్నాయి, పిల్లవి వినిపించడం లేదు. పాలు పొంగి సర్దుమణిగాక మాత్రం స్పష్టంగా విన్నాను.

"ఆయమ్మే కదూ కాల్చింది? చెప్పు నాన్నా, నువ్వు చూశావు కదూ?"

"ఊఁ."

"చూశారా అత్తయ్యా!" అంటూ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "మొత్తం రికార్డు చేశాను. పసిపిల్ల అబద్ధమాడుతుందా?"

మొదట్లో పిల్ల ఏదేదో గొణుగుతోందని ఆ భాగం కత్తిరించి, చివరి ముక్క చిన్నబడి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాడు. తెల్లవారేసరికి అది ఎవరెవరి ఫోన్లలోకో వెళ్ళింది. ఆయమ్మను స్టేషన్‌కు తీసుకువెళ్ళారు. సాయంత్రం వదిలినా, రోజూ వచ్చి సంతకం పెట్టాలన్నారు, ఊరు దాటకూడదన్నారు. కేసు నిలిస్తే జైలు. నిలవకపోయినా, ఆ మచ్చ ఉండగా ఆమె చేతికి ఎవరు బిడ్డనిస్తారు?

రెండు రోజుల్లోనే ఆమె ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు అవతలి వైపుకు మళ్ళి నడవడం మొదలుపెట్టారు. కూరగాయలమ్మి బండి కూడా ఆ గుమ్మం దగ్గర ఆగడం మానేసింది. ఆయమ్మ అలాంటిది కాదని నేను నలుగురితో అన్నా, ఆ వీడియో ముందు నా మాట నిలవలేదు. నేను వెళ్ళి తలుపు తట్టాను. ఆయమ్మ తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

"మీ పిల్ల అలా అన్నదా అక్కా?" అని అడిగింది. ఆ గొంతు అంత నెమ్మదిగా రావడం నేను వినడం అదే మొదటిసారి.

"ఊఁ అన్నది" అన్నాను. ఇంకేమనను?

"అది నా చేత్తో అన్నం తినకపోతే నిద్రపోయేది కాదు" అని తలుపు వేసేసింది.

మా ఇంటి పిల్ల నోట వచ్చిన ఒక్క ఊఁ మీద ఒక మనిషి బతుకు వేలాడుతోంది. నిజమైతే న్యాయమే. కాకపోతే?

మర్నాడు ఇన్‌స్పెక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. మామూలు బట్టల్లో, మామూలు చెప్పుల్లో. పిల్లతో పద్ధతి ప్రకారం ఒకసారి మాట్లాడించాలని, ఆ పని చేసే ఆవిడ మా వెనక మేడలోనే ఉంటుందని చెప్పింది. నేను ఎగిరి గంతేశాను. "మా తెలీదమ్మేగా! ఇప్పుడే కేకేస్తాను."

"వద్దమ్మా. తెలిసినవాళ్ళ పిల్లతో తాను మాట్లాడనని, ఇంకొకర్ని పంపమని ఆమె గట్టిగా అడిగింది. ఈ పని చేసే ఇంకో ఆవిడ పురిటి సెలవులో ఉంది. చివరికి రెండు వైపుల లాయర్లూ ఒప్పుకున్నారు. కాకపోతే, ఈ పని అయ్యేదాకా ఆమె మీతో మాట్లాడదు. మీరూ పలకరించకండి. ఇంకో ముఖ్యమైన మాట. పాప దగ్గర ఈ విషయం ఎవరూ ఎత్తకూడదు. తనంతట తాను చెబితే వినండి. అడగకండి."

"అడగకూడదా?"

"ఒక్కటి కూడా."

"అసలు ఏం చూశావే అని కూడానా?"

"అది కూడా."

నన్ను ఉపవాసం ఉండమన్నా ఇంత కష్టమనిపించేది కాదు.

మా అల్లుడికి ఇది నచ్చలేదు. "వీడియో ఉండగా మళ్ళీ ఏం మాట్లాడించాలి?" అన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "ఒకే ప్రశ్న మళ్ళీ అడిగితే, మొదట చెప్పిన జవాబు తప్పేమో అనుకుంటారండీ చిన్నపిల్లలు. పెద్దవాళ్ళకు కావలసిన జవాబు కోసం వెతుకుతారు. మీ తప్పేం లేదు, ఏ తండ్రైనా అదే చేస్తాడు." అతను ఫోను తిరగేసి బల్ల మీద పెట్టాడు.

ఆ వారమంతా నేను మా గుమ్మంలో కాపలా కుక్కనయ్యాను. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ఆరాటం. దర్జీ భార్య బిస్కెట్ల పొట్లంతో వచ్చి "ఏమే పిడుగూ, ఆ రోజు..." అనబోతే, "ఆ రోజంటే గుర్తొచ్చింది! నీ మొగుడు నా రవికె ఇంకా ఇవ్వలేదు, అది చెప్పు ముందు" అని లాగి కూర్చోబెట్టాను. వియ్యపురాలు ఫోను చేసింది.

"పిల్లకి ఒక్కసారి ఇవ్వండి వదినగారూ. నేను మెల్లగా అడుగుతాగా."

"మెల్లగా అడిగినా అడగడమే వదినా."

"అబ్బో, మీరా నాకీ మాట చెప్పేది! మా ఇంట్లో ఏ పూట ఏ కూరో కూడా కూపీ లాగే మీరు!"

"అందుకే చెబుతున్నా. అడగాలన్న యావ ఎలాంటిదో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

అన్నిటికన్నా కష్టం ఒకరోజు పిల్లకు స్నానం చేయిస్తుంటే వచ్చింది. ఒంటి నిండా నురగతో, సబ్బు బుడగ ఊదుతూ, "అమ్మమ్మా, పాపాయి చెయ్యి ఎర్రగా అయింది" అన్నది పిడుగు. నా చేతిలో చెంబు ఆగిపోయింది. ఎవరే, ఎవరు చేశారే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. పళ్ళు బిగబట్టి, "అలాగా" అని మాత్రం అని, చెంబుడు నీళ్ళు పోశాను. "కళ్ళల్లో పోశావు!" అని అరిచింది. అంతటితో ఆ ముక్క ముగిసింది. నాకు ఆ పూటంతా కడుపు ఉబ్బరం.

తెలీదమ్మ ఇన్‌స్పెక్టరమ్మ చెప్పినట్టే చేసింది. మెట్ల దగ్గర ఎదురైనా తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోయేది. ఆమె భర్త కూడా దూరం నుంచే చెయ్యూపి, నోటికి తాళం వేసినట్టు సైగ చేసి నవ్వేవాడు. మొదట నాకు చురుక్కుమంది. ఇంత పరిచయం ఉండీ ఏమిటీ టెక్కు అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆయమ్మ తరఫు వాళ్ళు రేపు "మీరూ మీరూ ఒకటి" అనకుండా ఉండేందుకే ఆ దూరమని అర్థమైంది. ఆ మొహం తిప్పుకోవడం కూడా మా మంచికే.

ఆ రోజు పిల్లను తీసుకుని నేనే వెళ్ళాను. అమ్మా నాన్నా వెంట ఉంటే పిల్ల వాళ్ళ మొహాలు చూసి మాట్లాడుతుందని నన్ను రమ్మన్నారు. అది స్టేషన్ కాదు, ఆసుపత్రి కాదు, మామూలు ఇంట్లోని మామూలు గదిలా ఉంది. గోడలకు లేత రంగు, నేల మీద తివాచీ, రెండు పొట్టి కుర్చీలు, కాగితాలు, రంగు పెన్సిళ్ళు. బొమ్మలు లేవేమని అడిగాను. బొమ్మలుంటే పిల్లలు ఆటలోకి వెళ్ళి కథలల్లుతారని అక్కడి గుమాస్తా చెప్పాడు. పై మూలన బొత్తాం అంత కెమెరా. పక్క గదిలో ఇన్‌స్పెక్టరమ్మ, లాయర్లు టీవీలో చూస్తారట. నన్ను నడవాలో కూర్చోబెట్టారు. తలుపు మూసేముందు తెలీదమ్మ ఆ పొట్టి కుర్చీలో కూర్చోబోతుంటే ఆమె మోకాళ్ళు పటపటమన్నాయి. పిడుగు కిలకిలా నవ్వింది. "మా అమ్మమ్మవీ ఇలాగే!"

ఆ తలుపు వెనక ఏం జరిగిందో నేను తర్వాత చూశాను. జడ్జిగారి గదిలో ఆ వీడియో వేసినప్పుడు, పిల్లను తీసుకొచ్చినదాన్ని కాబట్టి నన్నూ, మా అమ్మాయినీ, అల్లుణ్ణీ కూర్చోనిచ్చారు. ఆయమ్మ, మేడమ్, పాపాయి తల్లీ తండ్రీ కూడా ఉన్నారు. ఎవరి కుర్చీలో వాళ్ళం రాళ్ళలా కూర్చున్నాం.

టీవీలో తెలీదమ్మ మొదట ఆ సంగతే ఎత్తలేదు.

"నీకు ఆరేళ్ళు కదూ?"

"కాదు! నాలుగు!"

"భలే సరిదిద్దావు. నేను తప్పు చెబితే ఇలాగే చెప్పాలి, సరేనా? మా ఇంట్లో కుక్క ఉంది. దాని పేరేంటి?"

"రాజా" అన్నది పిడుగు, క్షణం ఆలోచించకుండా. మా వంశం మరి.

"నువ్వు మా కుక్కని చూశావా?"

"లేదు."

"ఎవరైనా దాని పేరు చెప్పారా నీకు?"

"లేదు."

"మరి దాని పేరేంటి?"

పిల్ల చాలాసేపు పెన్సిలు కొరికింది. "తెలీదు."

"అంతే. తెలీనిది తెలీదు అంటే చాలు. నేను ఆ రోజు చిన్నబడిలో లేను. నాకేమీ తెలీదు. నీకు గుర్తున్నదంతా చెప్పు, చిన్నదైనా సరే."

పిడుగు మొదలుపెట్టింది. ఎక్కడినుంచనుకున్నారు? కిటికీ మీద వాలిన కాకి నుంచి. కాకి ఏం తిన్నది, తన మేజోడు ఎందుకు జారిపోయింది, పక్కపిల్లాడు నిద్రలో ఎలా నవ్వాడు. నా పక్కన మా అల్లుడు కుర్చీలో కదులుతున్నాడు. పక్కగదిలో లాయర్లు కూడా ఆ రోజు ఇలాగే కదిలి ఉంటారు. తెలీదమ్మ మాత్రం కాకి కథ వింటూ కూర్చున్నది, దానికోసమే పిలిచినట్టు. పిల్ల ఆగితే తానూ ఆగింది. ఆ మౌనాన్ని నేనైతే ఎన్ని ప్రశ్నలతో నింపేదాన్నో.

"పాపాయి లేచింది" అన్నది పిడుగు, కాకికి రెక్కలు గీస్తూ. "తీగ లాగింది."

"ఆ తీగ గురించి చెప్పు."

"నల్ల తీగ. బల్ల మీద పెట్టెది. మేడమ్ చొక్కా రుద్దుతోంది. ఫోను మోగింది. హలో హలో అంటూ పైకెళ్ళింది. పాపాయి లాగింది, లాగింది. టప్పుమని పడింది. పాపాయి అరిచింది. నేను చెవులు మూసుకున్నా."

"ఆ తర్వాత?"

"ఆయమ్మ పరుగెత్తి వచ్చింది. గేటు దగ్గర్నుంచి. చేతిలో వాడి చెప్పు ఉంది. ఒక్కటే. ఆయమ్మ ఏడ్చింది. నీళ్ళు పోసింది."

నేను తెలీదమ్మ మొహమే చూస్తున్నాను. కాకి గురించి ఎలా విన్నదో ఇదీ అలాగే విన్నది. కనుబొమ్మ కదలలేదు, మెచ్చుకోలేదు, "భలే" అనలేదు. ఆ మొహంలో ఏ జవాబు మంచిదో పిల్లకు దొరకలేదు. అందుకే పిల్ల తనకు తెలిసిందే చెప్పింది.

చివరికి ఆ ఊఁ సంగతి వచ్చింది.

"దీని గురించి ఇంకెవరితోనైనా మాట్లాడావా?"

"నాన్నతో."

"అది ఎలా జరిగిందో చెప్పు."

"నాన్న అడిగాడు, అడిగాడు. నేను మేడమ్ చొక్కా అన్నా. మళ్ళీ అడిగాడు. ఆయమ్మ కదూ అన్నాడు. కాదు అన్నా. మళ్ళీ అడిగాడు. ఊఁ అంటే నాన్న ఆపేస్తాడు. నాకు పాలు కావాలి. ఊఁ అన్నా."

మా అల్లుడు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. మా అమ్మాయి అతని భుజం మీద చెయ్యి వేసింది. జడ్జిగారు మేడమ్ వైపు తిరిగేసరికి ఏడుస్తూ ఒప్పుకుంది. పై గదిలో ప్లగ్గు పాడైతే పిల్లల గదిలో ఇస్త్రీ చేసుకుందట. పేరు పోతుందన్న భయంతో, ఒక్క అబద్ధమే కదా అనుకున్నదట. గేటు దగ్గర చెప్పు తొడిగించుకున్న పిల్లాడి తాతగారు కూడా, ఆ రోజు రెండో చెప్పు లేకుండానే ఇంటికి తీసుకుపోయామని అంతకుముందే చెప్పి ఉన్నారు. ఆయన మాటను అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

పాపాయి తల్లి లేచి ఆయమ్మ దగ్గరికి వెళ్ళింది. ఏమంటుందోనని నా ప్రాణం గిలగిల్లాడింది. చంకలో ఉన్న పాపాయిని, కట్టు కట్టిన చెయ్యి జాగ్రత్తగా పట్టుకుని, ఆయమ్మ ఒళ్ళో పెట్టింది. అంతసేపూ బిగబట్టుకున్న ఆయమ్మ అప్పుడు ఏడ్చింది. మళ్ళీ ఆ లారీ హారను గొంతుతోనే. బయట జవాను తలుపు తీసి తొంగి చూశాడు.

ఆ పాపాయి చేతి మీద చిన్న మచ్చ మిగిలింది, అంతే. చిన్నబడి ఇప్పుడు వేరేవాళ్ళు నడుపుతున్నారు. ఆయమ్మను మళ్ళీ పిలిచారు. మా అల్లుడు ఆమె గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడాడో ఎవరికీ చెప్పలేదు. నేను కూడా, మీరు నమ్మినా నమ్మకపోయినా, అడగలేదు.

కేసు ముగిశాక ఒక ఆదివారం పొద్దున ఆయమ్మ మా ఇంటికి వచ్చింది. "ఆవిడకి ఒకసారి దణ్ణం పెట్టుకోవాలి అక్కా, వెంట రా" అన్నది. నేను అంతకన్నా కోరుకునేదేముంది! ఎగబడి మూడంతస్తులు ఎక్కాను, మోకాళ్ళు తిట్టిపోస్తున్నా సరే. తలుపు తీసింది కరెంటాయన. "అబ్బ, ఇన్నాళ్ళకి పెద్దమ్మ గొంతు వినొచ్చు! మా ఇంటికి చెవుడొచ్చినట్టుంది మీరు లేక" అన్నాడు.

తెలీదమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయమ్మ ఆమె కాళ్ళ మీదికి వంగబోతే చప్పున పట్టుకుని లేపింది. ఆమె మొహం ఎర్రబడింది.

"అయ్యో, నాకెందుకండీ? నేను మీకోసం ఏమీ చేయలేదు. నిజంగా చెబుతున్నాను. పాప ఇంకోలా చెప్పి ఉంటే, నేను అదీ అలాగే అందించేదాన్ని. మీకు జైలైనా సరే."

నాకు ఆ మాట కటువుగా తోచింది. ఇంటికొచ్చిన మనిషితో అనే మాటా? సర్దిచెప్పబోయాను. కానీ ఆయమ్మకు కోపం రాలేదు.

"అలా చేసేవారని తెలిసే వచ్చానమ్మా" అన్నది. "నా వైపు మాట్లాడినవాళ్ళు ఉన్నారు. ఈ అక్క కూడా మాట్లాడింది. ఆయమ్మ అలాంటిది కాదు, చేసుండదు అన్నారు. ఎదటివాళ్ళు చేసే ఉంటుందన్నారు. చూసింది ఎవరో, దాన్ని నోరు తెరవనిచ్చింది మీరొక్కరే. అందుకు దణ్ణం. నాకు మంచి చేశారని కాదు."

తెలీదమ్మ సోఫా మీది ఉతికిన బట్టల కుప్పను ఒక పక్కకు జరిపి, ఆయమ్మను కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుంది. కరెంటాయన టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. ఆ ఇద్దరూ కలిసి ఆ బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టారు. నేను ఎదురు కుర్చీలో, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, ఎంతో తృప్తిగా కూర్చున్నాను.